హద్దులు ముందు చదువు

నేను చెబుతుంటే నా మనుమరాలు రాస్తోంది. రాస్తోంది అంటే కలం పట్టి కాదు, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని టకటకమని కొడుతోంది. నేను చెప్పేదాన్ని పుస్తకాల తెలుగులోకి దిద్దుకోమన్నాను, లేకపోతే బయటివాళ్లకు సగం అర్థం కాదు. మనుషులు మాట్లాడిన మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాలి. అది నా షరతు. దాని షరతు ఇంకొకటి ఉంది. మన ఇంటి పరువు పోయే మాట వచ్చినా "గది తీసెయ్యవే" అని నేను అనకూడదట. సరే అన్నాను. ఆ మాట ఇవ్వడానికి కొంచెం వెనకాడిన సంగతి కూడా రాసుకోమన్నాను.

మాది శామీర్‌పేట పక్కన. ఇంటి ముందు రోడ్డు దాటితే ఇప్పుడు అన్నీ అపార్టుమెంట్లు. ఒకప్పుడు అక్కడ మా ద్రాక్షతోట ఉండేది. నా మనుమరాలు మేడ్చల్‌లో డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, పంటలూ మొక్కలూ ఉండే చదువు. పోయిన చలికాలం వాళ్ల మేడం అందరికీ ఒక ప్రాజెక్టు ఇచ్చింది. మీ ఊళ్లో ఒకప్పుడు పండి ఇప్పుడు పండని పంట ఏదో, దాని గురించి రాసుకు రమ్మంది. ఇది ద్రాక్ష తీసుకుంది. ఒక్క సాయంత్రంలో ఇరవై పేజీలు తయారు. నేను అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపు ప్రింటు కూడా తీయించుకొచ్చింది.

నాలుగో రోజు మొహం వేలాడేసుకుని వచ్చింది. నేను వరండాలో కూర్చుని అనపకాయలు ఒలుస్తున్నాను.

"ఏమైందే, గట్లున్నవు?"

"మేడం వాపస్ ఇచ్చిందవ్వా. కాపీ గొట్టినవన్నది."

"గొట్టినవా?"

"అందరు గొట్టిన్రు. నేనొక్కదాన్నేనా?"

"అందరి సంగతి వాళ్ల అవ్వలు అడుగుతరు. నిన్ను నేను అడుగుతున్న."

చెప్పులు విడవకుండానే అరుగు మీద కూలబడింది. సోమవారం లోపల మళ్లీ కొత్తగా రాసి ఇవ్వాలట, అదీ తనకు తెలిసినట్టు, అడిగితే నిలబడి జవాబు చెప్పగలిగేట్టు. లేకపోతే సున్నా, ఆ సబ్జెక్టు వచ్చే ఏడు మళ్లీ చదవాలి. అప్పటికి గురువారం. చదువులో ఒక్కసారి కూడా వెనకపడని పిల్ల. కళ్లు తుడుచుకోవడం నేను చూడలేదనుకుంది.

"ఏం రాసినవో సదువు, ఇంట," అన్నాను.

చదివింది. మా ఊరి తోటల్లో చలికాలం రాగానే తీగ ఆకులన్నీ రాల్చి నిద్రపోతుందట. మంచు కరిగే ముందు, ఏడాదికి ఒక్కసారి, కొమ్మలు కత్తిరించాలట.

నాకు నవ్వు ఆగలేదు. ఒళ్లోని అనపకాయలు కింద పడ్డాయి.

"మంచా? శామీర్‌పేటల మంచు ఎప్పుడు వడ్డదే? పెండ్లయి వచ్చిన కాడికెల్లి సూస్తున్న, ఒక్కనాడు కరుగలే. తోట ఏమన్న ఫ్రిజ్జుల వెట్టినవా?"

"నవ్వకవ్వా. గిది నెట్ల ఉంది. ఒక్కతాన గాదు, మూడు తాన్ల ఉంది."

"మూడు తాన్ల ఉన్నా, ముప్పై తాన్ల ఉన్నా, మన తోట ఆకు రాల్చలే. మనం ఏడాదికి రెండుసార్లు కోసేటోళ్లం. ఎండకాలం కోత కొమ్మ కోసం, దసరా ఎనక కోత కాయ కోసం. గది తెల్వని కూలిమనిషి లేకుండె మన ఊర్ల."

"అయితే సైంటిస్టులకు తెల్వదు, ఐదో తరగతి సదివిన నీకు తెలుసు?" అంది. "వాట్సాప్‌ల వచ్చిందని నెల దినాలు ఇంట్ల వంకాయ వండనియ్యలే నువ్వు. ఇప్పుడు నాకు జెప్తున్నవా?"

వంకాయ సంగతి నిజమే. ఎవరో పంపించారు, నేను నమ్మాను. అందుకే ఆ దెబ్బకు నోరు మూసుకుని కాయలు ఏరుకున్నాను. కానీ మనసులో అనుకున్నాను, సోమవారం లోపల దీన్ని గట్టెక్కించకపోతే నేను దీని అవ్వనే కాదని.

దీని నాయిన, అంటే నా కొడుకు, చదివిన రోజులు వేరు. తరగతికి ఒకటే పుస్తకం, దానికి ఒకటే గైడు. అది కూడా ఇంటికి ఒకటి ఉండేది కాదు. మేడ్చల్‌లో ఒక స్నేహితుడి దగ్గర మంచి నోట్సు ఉందని తెలిస్తే వీడు ఆదివారం పొద్దున్నే పోయి, వాళ్ల వరండాలో కూర్చుని, చెయ్యి నొప్పి పుట్టేదాకా దించుకొచ్చేవాడు. దించుకునేటప్పుడే సగం నోటికి వచ్చేది. ఏది నిజం ఏది కాదు అన్న పరేషాన్ వాడికి లేదు. ఉన్నదే ఒక్క మాట, దాన్ని ఎదురు ప్రశ్నించడానికి ఇంకో మాట దొరికేది కాదు. అది మంచి కాలమని నేను అనను. వాడి చరిత్ర పుస్తకంలో మా తోటల గురించి ఒక్క ముక్క లేదు, లేదని అడిగినవాళ్లూ లేరు.

తర్వాత మేడ్చల్‌లో నెట్ సెంటర్లు వచ్చాయి. పరీక్షల ఫలితాలు వచ్చే రోజు పిల్లలంతా హాల్‌టికెట్లు పట్టుకుని దాని ముందు మూగేవాళ్లు. పెట్టె ముందు కూర్చున్న పిల్లగాడు ఏది చెబితే అది తలరాత. ఆ తర్వాత కరోనా వచ్చింది, బడి మొత్తం ఫోన్‌లోకి ఎక్కింది. ఇదే మనుమరాలు సిగ్నల్ కోసం నీళ్ల ట్యాంకు మెట్ల మీద కూర్చుని పాఠాలు వినేది. నేను కిందినుంచి మజ్జిగ గ్లాసు అందించేదాన్ని. ఆ రోజు అనుకున్నాను, ఎంత అదృష్టమో, చదువు మెట్లెక్కి వచ్చి దీని ఒళ్లో కూర్చుందని. ఇప్పటికీ అదే అనుకుంటాను. కాకపోతే ఒళ్లోకి వచ్చి కూర్చున్నదల్లా చదువు కాదు. ఎవరు వచ్చారో మొహం చూసుకోవాలి.

మొహం చూడడం నాకు నేర్పినవాడు మా మామ. ఆయనకు అక్షరం ముక్క రాదు. నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని కనుక, కోడలుగా వచ్చిన నెలలోనే ఇంట్లో కాగితాలు చదివే పని నా మీద పడింది. ఎవరైనా పొలం అమ్ముతామని కాగితం తెస్తే ఆయన నన్ను తలుపు పక్కన నిలబెట్టి చదివించేవాడు. నేను పైనుంచి మొదలుపెడితే కోప్పడేవాడు.

"గా పేర్లు, గా ముద్రలు ఎనక సదువు బిడ్డా. ముందు చెక్కుబందీ సదువు."

చెక్కుబందీ అంటే పొలానికి నాలుగు దిక్కులా ఉన్న హద్దులు. తూర్పున ఎవరి భూమి, పడమట ఏ బాట, ఉత్తరాన ఏముంది, దక్షిణాన ఏముంది. అది విని, మనసులో పెట్టుకుని, మామ కర్ర తీసుకుని ఆ పొలానికి పోయేవాడు. నాలుగు మూలలా నిలబడేవాడు. పక్క పొలంవాళ్లను పలకరించి అడిగేవాడు. ఒకసారి ఒకాయన చెరువు కింద పొలం అని కాగితం తెచ్చాడు. తూర్పున కాలువ అని రాసి ఉంది. మామ పోయి చూస్తే తూర్పున కాలువ లేదు, బండరాళ్ల గుట్ట ఉంది. తిరిగి వచ్చి కాగితం ఆయన చేతిలో పెట్టేశాడు. దొంగ కాగితమా అని నేను అడిగాను.

"కాగితం నిజమే బిడ్డా," అన్నాడు. "గీ మట్టిది గాదు."

శుక్రవారం ఈ మాట మనుమరాలికి చెప్పాను. విననట్టు ఫోన్ చూస్తూనే ఉంది. నేను కుర్చీ లాక్కుని దాని పక్కన కూర్చున్నాను.

"గా మూడు తాన్లు అన్నవు గదా, సూపియ్యి. ఒక్కొక్కటి బిగ్గరగ సదువు, తెలుగుల జెప్పు."

మొదటిది చదివింది. రెండోది చదివింది. మూడోది సగంలో ఆపేసింది.

"అవ్వా, మూడింటిల ఒక్కటే మాట ఉంది. బొమ్మ గూడ ఒక్కటే."

"మరి మూడెట్లయినయి? ఒక్కింటోళ్లు ముగ్గురు వచ్చి సాక్ష్యం జెప్తే పంచాయితీల ఎంతమంది లెక్క?"

"ఒక్కటే లెక్క."

"ఇప్పుడు గా ఒక్కడు ఎవడో, ఏ ఊరోడో అడుగు."

ఎవరు ముందు రాశారో వెతకడానికి దానికి ఒక గంట పట్టింది. చివరికి దొరికింది. ఎక్కడో చలిదేశంలో, మోకాలి లోతు మంచు పడేచోట, తోటలవాళ్ల కోసం రాసిన పేజీ. రాసినవాడు పెద్దమనిషే, తన తోట గురించి రాసుకున్నాడు. అక్కడ తీగ నిజంగానే నిద్రపోతుంది. వాడు అబద్ధం చెప్పలేదు. మిగతా రెండు సైట్లవాళ్లు ఆ ఊరి పేరు తీసేసి మాట మాత్రం ఎత్తుకొచ్చారు. దాని ముందు నా మనుమరాలు "మా ఊరి తోటల్లో" అని రాసుకుంది.

నేను అడక్కముందే అదే అంది, నెమ్మదిగా.

"కాగితం నిజమే. గీ మట్టిది గాదు."

అప్పుడు మళ్లీ వెతికింది, ఈసారి అడగడం మార్చింది. ఉట్టి ద్రాక్ష కత్తిరింపు అని కాకుండా, మంచు పడని వేడి ప్రాంతంలో ద్రాక్ష అని. వచ్చాయి. రెండు వేర్వేరు చోట్లవాళ్లు రాసినవి, రాసినవాళ్ల పేర్లూ ఏ ఏడు రాశారో కూడా ఉన్నవి. ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒకటి కొమ్మకు, ఒకటి కాయకు. దాని కళ్లు ఎంత పెద్దవయ్యాయో! నాకు మస్తు గర్వంగా అనిపించింది. ఐదో తరగతి గెలిచింది కదా. లేచి టీ పెట్టుకున్నాను. ఆ గర్వం ఒక్క రోజే నిలిచింది.

శనివారం నేను చెబుతుంటే అది రాసుకుంటోంది. రాతి కడీలు పాతి, వాటి మీద తీగలు లాగి పందిరి వేయడం, ఆడకూలీలు చిన్న కత్తెరలతో గుత్తుల్లో కాయలు పలచన చేయడం, మైలుతుత్తం మందు కొట్టాక చేతులు నీలం కావడం, అన్నీ చెప్పాను. చివరికి తోట ఎందుకు పోయిందో అడిగింది.

"బోర్లు ఎండినయి," అన్నాను. మా ఇంట్లో పెళ్లయినా చావయినా నలుగురు కూర్చుంటే వచ్చే మాట అది. నీళ్లు లేక తోట ఎండితే, చేసేది లేక ప్లాట్లు చేశాం.

దాని వేళ్లు ఆగాయి.

"నువ్వు సూసినవా అవ్వా, ఎండంగ?"

"సూసుడేంది? అందరికి ఎరుకే."

"అందరంటే ఎవరు?"

"మీ తాత, మీ నాయిన, మీ చిన్నతాత…"

"ఒక్కింటోళ్లు," అంది.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. "నా మీదికే వస్తున్నవా? నేర్పినోళ్లకే పంగనామాలు వెడ్తవా?" అని అరిచాను. లేచి లోపలికి పోయాను. మధ్యాహ్నం దాకా మాట్లాడలేదు. కానీ పప్పు తాలింపు వేస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చి గరిటె ఆగిపోయింది. తోట తీసేసిన ఏడు నేను శామీర్‌పేటలో లేనే లేను. కొడుకు బడి కోసం అల్వాల్‌లో గది తీసుకుని ఉన్నాను. పండక్కి వచ్చేసరికి కడీలు లేవు, తెల్ల సున్నం కొట్టిన ప్లాటు రాళ్లు ఉన్నాయి. బోర్లు ఎండినయని చెప్పింది మా మామ. ఎప్పుడూ పొలానికి పోయి నాలుగు మూలలా నిలబడే మనిషి చెప్పాడు కదా అని, ఆయన మాటకు నేను హద్దులు చూడలేదు.

స్టవ్ ఆపి బయటికి వచ్చాను.

"స్కూటీ తియ్యి," అన్నాను. "దేవరయాంజాల్ పోదం."

అక్కడ మా తోటలో మొదటినుంచీ పనిచేసిన ఆవిడ ఉంది. నాకంటే పెద్దది. పందిరి కింద ఆమె చెయ్యి తగలని గుత్తి లేదు. చూపు తగ్గింది కానీ గొంతు అదే గొంతు. నన్ను గుర్తుపట్టగానే మంచం మీద జరిగి చోటిచ్చింది.

"రా పటేలమ్మా, ఇన్నాళ్లకు యాదికొచ్చిన్నా? బతికున్ననా సచ్చిన్నా సూడనీకి వచ్చినవా?"

"సచ్చినవని వాట్సాప్‌ల రాలే, గందుకే వచ్చిన," అన్నాను. పొట్ట పట్టుకుని నవ్వింది.

మనుమరాలు ఫోన్‌లో రికార్డు పెట్టింది. అడిగి పెట్టింది, అది నాకు నచ్చింది. మొదట కత్తిరింపుల గురించి అడిగితే, ఆవిడ రెండు వేళ్లు కత్తెరలాగా ఆడిస్తూ, ఏ కొమ్మకు ఎన్ని చిగురు కన్నులు వదలాలో చూపించింది. తర్వాత మనుమరాలు అడిగింది.

"అవ్వా, తోట ఎందుకు తీసేసిన్రు? బోర్లు ఎండినయా?"

ఆవిడ నా వైపు చూసింది. నేను ఏమంటే అది అందామన్నట్టు చూసింది. ఆ చూపుకు నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లుగా ఎంతమంది అలా మా వైపు చూసి మాట మింగారో.

"ఉన్నదున్నట్టు జెప్పక్కా," అన్నాను. "గీ పిల్ల సదువు సంగతి ఇది."

"ఎండుడేంది బిడ్డా. నీళ్లు మంచిగనే వోస్తుండె. గా ఏడు కాసినట్టు ఎన్నడు కాయలే, గుత్తులు మోకాళ్లకు తాకుతుండె. గప్పుడే ప్లాట్లోళ్లు వచ్చిన్రు. కాయ తెంపుడు గూడ అయిపోలే, కడీలు పీకుడు సురువైంది. మేం ఇరువైమందిమి గట్టు మీద నిలవడి సూసినం. ఇంక రేపటికెల్లి పని యాడ? అని." మళ్లీ తనే అంది, "మీ మామ గూడ నిలవడ్డడు పటేలమ్మా. మొకం అటు మలుపుకున్నడు. బోర్లు ఎండినయని జెప్పుమని మాకు జెప్పిండు. ఏం జేస్తడు, కాసే తోట పీకిన అని ఎట్లంటడు నోటితోని?"

ఇంటికి వచ్చాక మనుమరాలే అడిగింది.

"అవ్వా, గిది రాయనా? కత్తిరింపుల మీదనే రాసి ఇస్త, సాలు. మేడం గంతే అడిగింది."

పిల్ల నా కోసం వెనక్కి తగ్గుతోంది. ఒక్క క్షణం, రాయకు అందామనుకున్నాను. మామ ఫోటో గోడ మీదినుంచి చూస్తూనే ఉంది. ఆయన ఉంటే తిట్టేవాడేమో. కానీ కాలువ లేని చోట కాలువ అని రాసిన కాగితాన్ని వాపసు ఇచ్చిన మనిషి ఆయనే కదా. ఒక్క అబద్ధం చెప్పినందుకు ఆయన నేర్పినదంతా అబద్ధం కాదు. ఆయన నేర్పినందుకు ఆ అబద్ధం నిజమూ కాదు.

"సగం హద్దులు రాస్తే పొలం ఎవరిదైతది?" అన్నాను. "మొత్తం రాయి. ఆమె జెప్పింది ఆమె పేరు మీద రాయి, నేను జెప్పింది నా పేరు మీద రాయి. ఆమె మాట ఒక్కటే అని గూడ రాయి. ఇంకొకళ్లను అడగాల్నని రాయి."

ఆదివారం పొద్దున ఇంకో ఇద్దరిని అడిగింది. వాళ్లలో ఒకాయన మా పక్క పొలంవాడు, మా ఇంటికీ ఆ పనివాళ్లకూ సంబంధం లేనివాడు. ఆయన బోరు చివరిదాకా బాగానే పోసిందన్నాడు. ఇంకొకాయనకు గుర్తు లేదన్నాడు. గుర్తు లేదన్నది కూడా రాసింది. సాయంత్రానికి పన్నెండు పేజీలే అయ్యాయి. నాకు చదివి వినిపించింది. ప్రతి మాట కింద ఎవరు చెప్పారో, వాళ్లు చూశారా విన్నారా, చెప్పడం వల్ల వాళ్లకేమైనా కలిసొస్తుందా అని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. నా మాట కింద ఇలా ఉంది: చెప్పినవారు మా అవ్వ. ఆ ఏడు ఊళ్లో లేరు. తోట మా కుటుంబానిది.

ఆ మూడు ముక్కలు వినడం కష్టమే అయింది. కానీ ఒక్క అక్షరం మార్చమనలేదు.

సోమవారం మేడం దాన్ని నిలబెట్టి అరగంట అడిగిందట. అడిగినవాటికన్నిటికీ చెప్పిందట, తెలియని రెండింటికి తెలియదని కూడా. ప్రాజెక్టు తీసుకుంది. కాపీ కొట్టిన మిగతావాళ్లకు దీన్ని ఇచ్చి, ఇలా చేసుకు రమ్మని పంపిందట. వచ్చి గేటు దగ్గరినుంచే "అవ్వా, పాసైన!" అని అరిచింది.

తర్వాత నెలలో అల్వాల్‌లో మా బంధువుల ఇంట్లో పెళ్లి. భోజనాల దగ్గర మా మరిది, అంటే దీని చిన్నతాత, మొదలుపెట్టాడు. ఎప్పటి మాటే. తోటలు, ఆ గుత్తులు, ఆ వాసన, ఆఖరికి బోర్లు ఎండుడు. చుట్టూ కుర్రాళ్లు ఫోన్లు దించి వింటున్నారు. మనుమరాలు నా వైపు చూసింది. నేను విస్తరి ముందు చెయ్యి ఆపాను.

"నువ్వు సూసినవా, ఎండంగ?" అన్నాను.

ఆయన ముద్ద ఆగిపోయింది. "ఏంది వదినా, గిప్పుడు ఎందుకా మాట? నాయిన జెప్పలేదా?"

"జెప్పిండు. నాకు గూడ జెప్పిండు. నీళ్లున్నయి. తోట కాస్తుండంగనే మనమే పీకినం."

ఆయన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడం లేదు. ఇది అచ్చయితే ఇంకా కోపం వస్తుంది. రాయడం ఆపి మనుమరాలు ఇప్పుడు నన్ను అదే అడుగుతోంది, ఈ పెళ్లి ముచ్చట తీసేయనా అని.

"తీసేసుడేంది? గది గూడ హద్దే. రాయి బిడ్డా."